పద్నాలుగో నిబంధన ఎవరి నోటి మాట

ఫిబ్రవరి 9, సోమవారం
కలిసినవారు: ఎవరూ లేరు. తీసుకున్నవి: ఏమీ లేవు.

పై రెండు గీతలూ నింపకపోతే తెర మీది ఈ పుస్తకం తెరుచుకోదు. యూరప్ ఖండ సభలో జీతం తీసుకునే మేమంతా ఏ రోజు ఎవరిని కలిశామో, ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో ఏ రోజుకారోజు రాయాలి. ఎవరి భాషలో వాళ్ళు రాసుకోవచ్చు. ఎవరైనా చదవవచ్చు. పన్నెండేళ్ళుగా తెలుగులో రాస్తున్నాను. అడుగున "పాఠకులు: 0" అని ఉంటుంది. పన్నెండేళ్ళలో ఆ సున్నా కదల్లేదు. ఒకందుకు సుఖమే, మనసులో మాట కూడా రాసుకోవచ్చు.

పేరు బమ్మిడి మోహిని. మూలాల విభాగం, మూడో అంతస్తు, కిటికీలు లేని వైపు. చట్టంలోకి వచ్చే ప్రతి వాక్యాన్నీ మొట్టమొదట ఎవరన్నారో వెతికి పట్టుకుని పక్కన చీటీ అంటించడం నా పని. సభ్యులు రాసిందయితే తెల్ల చీటీ. కంపెనీలు రాసిచ్చిందయితే నీలం. మామూలు జనం అన్నదయితే పసుపు. నీలం చీటీ పడిన వాక్యానికి బహిరంగ విచారణ జరగాలి, దానికి నెలలు పడుతుంది. పసుపు చీటీకి ఎవరూ అడ్డు చెప్పరు. జనం మాటకు ఎదురు చెయ్యెత్తి మళ్ళీ ఓట్లడగడానికి వెళ్ళే ధైర్యం ఏ సభ్యుడికి మాత్రం ఉంటుంది.

వెనకటికి జనం పేరుతో వచ్చే ఉత్తరాలు చెల్లేవట. యంత్రాలు పూటకు పది లక్షల ఉత్తరాలు రాయడం మొదలయ్యాక వాటికి విలువ పోయింది. ఇప్పుడు మనిషి సాక్షుల ముందు నోరు తెరిచి చెప్పిందే జనం మాట. దాంతో కంపెనీలకు కాగితాలతో పని తీరింది, నోళ్ళతో పని పడింది.

ఈరోజు బల్ల మీదకు ఆరోగ్య యంత్రాల చట్టం వచ్చింది. నా వంతుకు పద్నాలుగో నిబంధన పడింది. "శరీరానికి తగిలించుకునే యంత్రాలను, వాటిని తయారుచేసిన కంపెనీ దగ్గర శిక్షణ పొందినవారు తప్ప మరెవరూ విప్పరాదు, బాగుచేయరాదు." పసుపు చీటీతోనే వచ్చింది. ఓటింగు మార్చి 19న. ఈలోగా ఆ పసుపు నిజంగా పసుపేనా అని నేను తేల్చాలి.

రెండోసారి చదివాను. మా ఆయన నడుముకు కిడ్నీ బెల్టు ఉంది, పాడైన కిడ్నీల బదులు అదే నెత్తురు శుభ్రం చేస్తుంది.

ఫిబ్రవరి 11, బుధవారం
కలిసినవారు: ఒడెట్, బెల్టులు బాగుచేసే ఆవిడ. తీసుకున్నవి: ఒక అల్లం టీ.

పొద్దున్నే బావ బెల్టులో ఫిల్టరు మార్చాను. బావంటే మా ఆయనే, ఢిల్లేశ్వరరావు. మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. కిందటి నవంబరులో వచ్చిన కొత్త బెల్టు ఇది. చప్పుడు చెయ్యదు. పాతది మేకుకు వేలాడుతూ ఉంది. అది నడిచిన పదిహేనేళ్ళూ మా ఇంట్లో ఎప్పుడూ మిక్సీ తిరుగుతున్నట్టే ఉండేది. కొత్తది వచ్చాక మొదటి వారం నాకు ఆ నిశ్శబ్దానికే భయమేసి ఊరికూరికే ఆయన నడుము మీద చెయ్యి వేసి చూసేదాన్ని.

మా ఉద్దానం వాళ్ళం ఇక్కడ బ్రస్సెల్స్‌లో నలభై కుటుంబాలం. అక్కడి నీళ్ళో, నేలో, మరింకేమిటో మూడు తరాల కిడ్నీలు తినేసింది. ఈ బెల్టులు తొలిసారి కట్టి చూడడానికి మనుషులు కావాలన్నప్పుడు వచ్చినవాళ్ళం, వచ్చి ఉండిపోయాం. చాలామందికి ఇంకా ఆనాటి బెల్టులే ఉన్నాయి. తయారుచేసిన తల్‌మేరా కంపెనీ పాత బెల్టులను ముట్టుకోవడం మానేసి నాలుగేళ్ళయింది. అడిగితే కొత్తది కొనుక్కోమంటుంది. కొత్త బెల్టు ధరకు ఇక్కడ చిన్న ఇల్లు వస్తుంది.

ఆ పాత బెల్టే ఉన్న తవిటమ్మ పిన్ని వీధి మలుపులో నా కోసం కనిపెట్టుకుని ఉంది.

"అమ్మీ, ఇది నిన్న కాణ్ణుంచి గరగరమంతంది. ఒంట్లో నీరు కూడా దిగినట్టు లేదు, సూడు, కాళ్ళెలాగున్నాయో."

వేలితో నొక్కితే గుంట పడింది. ఆఫీసుకు ఆలస్యమైనా పరవాలేదనుకుని రైలు వంతెన కింద ఒడెట్ కొట్టుకు తీసుకెళ్ళాను. ఒడెట్ తల్లిదండ్రులు కాంగో నుంచి వచ్చారు. ఆవిడ ఎక్కడా నేర్చుకోలేదు. సొంత అన్న బెల్టు ఆగిపోయినప్పుడు విప్పి చూసిందట, అంతే. ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటుంది. తర్వాత విడిభాగాల పెట్టె తెరుస్తుంది. అవి పోయినవాళ్ళ బెల్టుల్లోంచి తీసినవి. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళే తెచ్చిచ్చి పోతారు. ప్రతి పొట్లం మీదా ఆ మనిషి పేరు రాసి ఉంటుంది. పిన్నికి ఈరోజు యూసుఫ్ అనే ఆయన పంపు పడింది.

"పద్నాలుగో నిబంధన అంటున్నారు. అది వస్తే నా కొట్టుకు తాళమేనా?" అని అడిగింది ఒడెట్, తలెత్తకుండానే.

ఆఫీసు విషయాలు బయట మాట్లాడకూడదన్నాను. ఒడెట్ అర్థమైందన్నట్టు తలాడించింది. నాకు మాత్రం సిగ్గేసింది.

ఫిబ్రవరి 18, బుధవారం
కలిసినవారు: మార్లీన్, మా అధికారి. తీసుకున్నవి: ఏమీ లేవు.

పద్నాలుగో నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వుకుంటూ వెళ్తున్నాను. కమిటీ సభ్యుడి దగ్గరకు ఖండ రోగుల సమాఖ్య నుంచి వచ్చింది. సమాఖ్యకు బెల్జియం సమాఖ్య పంపింది. బెల్జియం సమాఖ్యకు బ్రస్సెల్స్‌లోని ఏదో చిన్న సంఘం పంపింది. ప్రతి మెట్టు దగ్గరా సంతకాలు సరిగ్గా ఉన్నాయి. ఆ సమాఖ్యల ఆఫీసులకు అద్దె కట్టేది తల్‌మేరానే. అది కూడా దాపరికం లేకుండా మొదటి పేజీలోనే రాసి ఉంది. దాస్తే నేరం, రాస్తే నేరం కాదు. పన్నెండేళ్ళలో నేను నేర్చుకున్న చదువంతా ఈ ఒక్క ముక్కే.

మార్లీన్ ఇంకో పదకొండు నెలల్లో రిటైరవుతుంది. బల్ల మీద చిన్న క్యాలెండరు పెట్టుకుని రోజుకో గడి కొట్టేస్తూ ఉంటుంది.

"మొదట అన్న మనిషి నిజంగా ఉన్నాడా, నిజంగా అన్నాడా, అదే చూడు. ఎందుకన్నాడో మనకెందుకు?" అంది.

"మూడో ప్రశ్న ఉంది కదా, దానికి ఏమైనా తీసుకున్నారా అని."

"అడుగు. ఇరవై ఆరేళ్ళ నుంచి అడుగుతున్నాను. అందరూ లేదనే చెప్పారు."

ఫిబ్రవరి 24, మంగళవారం
కలిసినవారు: ఎవరూ లేరు. తీసుకున్నవి: ఏమీ లేవు.

దొరికింది. అక్టోబరు 12, ఆదివారం, మొలెన్‌బీక్ కమ్యూనిటీ హాలు, ఉద్దానం కిడ్నీ బాధితుల సంఘం సమావేశం. మాట్లాడినవారిలో మూడో మనిషి. సాక్షులు ముప్పై ఒకరు. పేరు బమ్మిడి ఢిల్లేశ్వరరావు.

మా సంఘం. మా ఆయన.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. హాలు వెనక వంటగదిలో ముప్పైమందికి పులిహోర కలుపుతున్నాను. బియ్యం, నూనె, హాలు అద్దె అన్నీ తల్‌మేరా వాళ్ళవే. అనూక్ అనే అమ్మాయి వచ్చింది వాళ్ళ తరఫున. బావున్నారా అని తెలుగులో పలకరించి అందరినీ నవ్వించింది. నేను పోపు వేస్తుండగా లోపల చప్పట్లు వినిపించాయి. ఎవరో బాగా మాట్లాడి ఉంటారనుకుని జీడిపప్పు వేయించుకున్నాను.

నా ఉద్యోగమే మాటలు ఎక్కడ పుడతాయో కనిపెట్టడం. ఒక మాట నాకు పది అడుగుల దూరంలో, గోడకవతల పుడుతుంటే నేను గరిటె తిప్పుతూ ఉన్నాను. మూడు వారాలకు ఇంటికి కొత్త బెల్టు వచ్చింది. రోగుల భాగస్వామ్య పథకం అన్నారు. లాటరీలో పేరొచ్చినట్టు సంతోషపడ్డాం. నలభై కుటుంబాల్లో మాకే ఎందుకు వచ్చిందని నేను అడగలేదు. ఆ నిశ్శబ్దానికి నిద్ర బాగా పట్టేది, అందుకు అడగలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం
కలిసినవారు: భర్త. తీసుకున్నవి:

ఆ గీత ఖాళీగా వదిలినా ఈరోజు పుస్తకం తెరుచుకుంది. ఈ యంత్రం కూడా అలిసిపోయినట్టుంది.

పొద్దున ఫిల్టరు మారుస్తూనే అడిగాను. అప్పుడైతే ఆయన కదలడానికి లేదు.

"నాను అబద్ధం సెప్పలేదే," అన్నాడు బావ. "ఆంట్వెర్ప్ సంతలో ఎవుడో ట్యూబేసినాడు. జొరమొచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో పడున్నాను. నువ్వే కదేటి పక్కనున్నావు. తెలిసినోడు సేసుంటే ఇలాగవను కదా అన్నాను. అంతే."

"కంపెనీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే చెయ్యాలని ఉంది, బావా, నీ మాటగా."

"ఆయమ్మ అడిగింది. కంపెనీ కాడ నేర్చుకున్నోళ్ళయితే నయమా అంది. నయమే అన్నాను. అయితే అదే మాట మీ నోటితో పూర్తిగా ఒకపాలి సెప్పండి అంది. సెప్పీసినాను. అందరూ సప్పట్లు కొట్టినారు."

"బెల్టు ఇస్తామని ముందే చెప్పారా?"

నేను కొత్త ఫిల్టరు బిగించి మూత పెట్టాను.

"సెప్పలేదు. సెప్పాలేటి? ఇంతమందిలో నాకే ఎందుకిస్తారు, నాకు తెల్దా? తెలిసే కట్టుకున్నాను." తర్వాత అన్నాడు, "ఇప్పుడేటి సెయ్యమంతావు? ఇప్పీమంతావా?"

విప్పెయ్యమని ఎలా అంటాను. ఉంచుకోమని మాత్రం ఎలా అంటాను. ట్రాముకు టైమయిందని చెప్పి వచ్చేశాను. దారంతా ఆయన మీద కోపంగా ఉంది. ఆఫీసు మెట్లెక్కేసరికి ఆ కోపం నా మీదకు తిరిగింది.

మార్చి 2, సోమవారం
కలిసినవారు: మార్లీన్. తీసుకున్నవి: ఏమీ లేవు.

మార్లీన్‌కు చెప్పాను. మొదట అన్న మనిషి నా భర్త అని, నాకు ఈ ఫైలు వద్దని.

నియమాల పుస్తకం తీసి చదివింది. మూలం బంధువైతే గుమాస్తా తప్పుకోవాలి. తప్పుకుంటే చీటీ ఏ రంగులో వచ్చిందో అదే రంగులో ఉండిపోతుంది. వేరేవాళ్ళకు ఇవ్వడానికి లేదు. అన్న మనిషి తనంతట తాను కౌంటరు దగ్గరకు వచ్చి మూడు ప్రశ్నలకు జవాబు చెబితే మాత్రమే రంగు మారుతుంది. అదీ ఓటింగుకు రెండు రోజుల ముందు సాయంత్రం నాలుగు లోపల.

"ఈ నియమం ఎవరు పెట్టారో," అన్నాను.

మార్లీన్ వెతికి చూసింది. దానికీ పసుపు చీటీయే ఉంది. ఇద్దరం కాసేపు నవ్వాం. ఈ ఆఫీసులో నవ్వి చాలా రోజులైంది.

"ఆ బెల్టు సంగతి పై గీతలో రాశావా?" అని అడిగింది లేచి వెళ్తూ.

"నాకివ్వలేదు, ఆయనకిచ్చారు."

"ఒకే ఇల్లు కదా."

పై గీతలో రాయలేదు. కింద రాస్తున్నాను. కింద ఎలాగూ ఎవరూ చదవరు.

మార్చి 5, గురువారం
కలిసినవారు: అనూక్, తల్‌మేరా కంపెనీ. అద్దాల గదిలో, రికార్డింగు ఉంది. తీసుకున్నవి: ఏమీ లేవు. మంచినీళ్ళు ఇచ్చారు, తాగలేదు.

పొద్దున పుస్తకం తెరిస్తే అడుగున "పాఠకులు: 1" అని ఉంది. మధ్యాహ్నానికి అనూక్ కలవాలని కబురు పెట్టింది. కంపెనీవాళ్ళతో ఏం మాట్లాడినా అద్దాల గదిలోనే మాట్లాడాలి. ఎదురుగా కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. కళ్ళ కింద నాకున్నంత నలుపూ ఉంది.

"మీ దినచర్య అనువాదం చేయించాం. మీరు చాలా బాగా రాస్తారు," అంది.

నీళ్ళ గ్లాసు పక్కకు జరిపాను.

"ఇది బెదిరింపు కాదు, దయచేసి అలా అనుకోకండి. భాగస్వామ్య పథకం కాగితంలో ఉన్నదే చెబుతున్నాను. భాగస్వామి తన మాట వెనక్కి తీసుకుంటే పథకం అక్కడితో ముగుస్తుంది. పరికరం పది రోజుల్లో కంపెనీకి తిరిగి ఇవ్వాలి. మీ ఆయన సంతకం పెట్టారు. తెలియక ఇబ్బంది పడతారేమోనని చెప్పడానికొచ్చాను."

"పాత బెల్టు మీరు బాగుచెయ్యరు కదా."

"చెయ్యం."

"ఒడెట్ లాంటివాళ్ళు చెయ్యకూడదని మీరే రాయించారు."

"మేం రాయలేదు. మీ ఆయన అన్నారు," అంది. ఆ మాట అంటూ నా కళ్ళలోకి చూడలేదు. "మా అమ్మకు కూడా బెల్టుందండి," అంది తర్వాత. రికార్డింగు నడుస్తుండగా ఆ మాట ఎందుకన్నదో నాకు తెలియదు. అబద్ధమనిపించలేదు.

మార్చి 8, ఆదివారం
కలిసినవారు: సంఘం వాళ్ళు, ఇరవై ఏడుగురు. తీసుకున్నవి: భోజనం. తల్‌మేరా వారి బియ్యం.

నేను దాచదలుచుకోలేదు. సంఘంలో అంతా చెప్పేశాను. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

అధ్యక్షుడు దువ్వాడ కామేశు గొంతు అందరికన్నా పెద్దది. "వచ్చే ఏడు ఇంకా ఆరు బెల్టులు ఇస్తామన్నారు, ఆరు. ఢిల్లేసు ఎనక్కి తగ్గితే అయి కూడా పోతాయి. హాలూ పోద్ది. మోహినమ్మా, నీది సర్కారు ఉద్యోగం, నీకేటి."

"ఆరు బెల్టులు ఎవరికి? మిగతా ముప్పైమందివి ఆగిపోతే ఎవరు చూస్తారు?" అన్నాను.

"అప్పటి సంగతి అప్పుడు సూసుకుందాం."

ఆయన్ని తప్పుపట్టలేను. ఆ ఆరింట్లో ఒకటి ఆయన కూతురికి వస్తుందని ఆశ. ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు.

అందరూ సర్దుకుని వెళ్తుండగా తవిటమ్మ పిన్ని వచ్చి బావ పక్కన కూర్చుంది. ఆవిడ పేరు ఆ ఆరుగురిలో ఉండే వీల్లేదు. అరవై దాటినవాళ్ళ పేర్లు పథకంలోకి ఎక్కించరు. ఒడెట్ కొట్టు మూతపడితే ఈసారి పంపు ఆగిన రోజే ఆవిడకు ఆఖరి వారం. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, బావకూ తెలుసు. తిట్టడానికో ఏడవడానికో వచ్చిందనుకున్నాను.

"ఉంచుకో నాయినా," అంది బావ చెయ్యి పట్టుకుని. "నీకింకా వయసున్నాది. మోహినిని ఒక్కదాన్నీ సేసి ఎల్లిపోకు. నా సంగతి ఆలోసించకు. నానెంత కాలముంటాను."

బావ తలొంచుకున్నాడు. పిన్ని తిట్టినా బావుండేది. ఇంటికొచ్చే దారిలో ట్రాములో పక్కన పిన్ని బెల్టు గరగర లేకుండా నడుస్తోంది, యూసుఫ్ పంపుతో. బావ ఆ బెల్టు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మార్చి 12, గురువారం
కలిసినవారు: ఎవరూ లేరు. తీసుకున్నవి: ఏమీ లేవు.

నాలుగు రోజులుగా ఇంట్లో వంట, ఫిల్టరు, మందులు తప్ప మాటల్లేవు. నేను ఆయనకు ఏమీ చెప్పదలుచుకోలేదు. చెబితే అది నా మాట అవుతుంది. ఈ దేశంలో ఇప్పటికే ఆయన నోట్లో ఒకరు మాట పెట్టారు, ఇంకొకరు పెట్టక్కర్లేదు.

అలా రాసుకుంటే గొప్పగానే ఉంది. నిజం వేరు. వెనక్కి తీసుకోవద్దు బావా అని రోజుకు పదిసార్లు నోటిదాకా వస్తోంది. ఓటింగు అయిపోతే బావుండు, ఎటో అటు తెగిపోతే బావుండు అనిపిస్తోంది.

ఈరోజు మేకు మీద పాత బెల్టు లేదు. అడిగితే ఒడెట్ కొట్టులో ఇచ్చానన్నాడు. దుమ్ము పట్టింది, తుడవమన్నానన్నాడు.

మార్చి 17, మంగళవారం
కలిసినవారు: పౌరుడు బమ్మిడి ఢిల్లేశ్వరరావు, రెండో కౌంటరు. తీసుకున్నవి: కిందటి నవంబరు నుంచి ఒక కిడ్నీ బెల్టు. ఆలస్యంగా రాస్తున్నాను.

మూడుంబావుకు గీర్ట్ నా బల్ల దగ్గరకొచ్చాడు. రెండో కౌంటరు వాడిది. "ఒకాయన వచ్చాడు, మాట వెనక్కి తీసుకుంటానంటున్నాడు. అనువాద యంత్రానికి ఆయన మాట అందడం లేదు. తెలుగే, కానీ యంత్రానికొచ్చిన తెలుగు కాదట. మూడుసార్లు స్పష్టంగా చెప్పమని అడిగింది. నువ్వొస్తావా?"

వెళ్ళాను. అద్దానికవతల బావ. పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు, చేతిలో టోకెన్ కాగితం, నంబరు యాభై మూడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఎవరో ఆఫీసరును చూసినట్టు.

ఆయన నా భర్త అని గీర్ట్‌కు చెప్పాను. గుమాస్తా బంధువు కాకూడదని ఉంది కానీ అనువాదకులు కాకూడదని ఎక్కడా లేదన్నాడు. గడియారం చూపించాడు. నాలుగయితే కౌంటరు మూస్తారు.

ఈ కౌంటరు దగ్గర అనువాదం చేసేవాళ్ళు 'ఆయన అంటున్నాడు' అనకూడదు. ఆయన 'నేను' అంటే మేమూ 'నేను' అనే చెప్పాలి.

గీర్ట్ మొదటి ప్రశ్న అడిగాడు. ఈ మాట మీదేనా?

"నాదే," అన్నాడు బావ. నాదేనని ఫ్రెంచిలో చెప్పాను.

ఎవరైనా అడిగి చెప్పించారా?

"అడిగినారు. అడిగినట్టు సెప్పీసినాను. ఆంట్వెర్ప్‌లోనోడు పాడుసేసింది నిజం. ఒడెట్టమ్మ నాలుగేళ్ళు బాగుసేసిందీ నిజమే. ఆ రెండోది నన్నెవులూ అడగలేదు. నానూ సెప్పలేదు."

నేను చెప్పాను.

ఈ మాటకు ముందు గానీ తర్వాత గానీ ఎవరి దగ్గరైనా ఏమైనా తీసుకున్నారా?

బావ కోటు బొత్తాలు తీసి బెల్టు చూపించాడు. "ఇదిగో, ఒంటి మీదున్నాది, ఇదే తీసుకున్నాను. ఎందుకిచ్చినారో తెలిసే తీసుకున్నాను. బతకాలనుండి తీసుకున్నాను."

"నేను తీసుకున్నాను," అన్నాను ఫ్రెంచిలో. "ఎందుకిచ్చారో తెలిసే తీసుకున్నాను. బతకాలని ఉండి తీసుకున్నాను."

చెబుతుండగానే తెలిసింది, అది అనువాదం కాదని. ఆఖరి మాట గీర్ట్‌కు వినిపించనేలేదు. గీర్ట్ రాసుకోవడం ఆపి నా వంక చూశాడు. ఇంకోసారి చెప్పాను, ఈసారి సరిగ్గా. మూడూ నలభై ఆరుకు నీలం చీటీ బయటికి వచ్చింది.

వెళ్తూ బావ అద్దం దగ్గరకు వంగి అడిగాడు. "రాత్రికి కూరేటి తేమంతావు?"

బెండకాయలు తెమ్మన్నాను.

మార్చి 19, గురువారం
కలిసినవారు: ఎవరూ లేరు. తీసుకున్నవి: ఏమీ లేవు.

నీలం చీటీ పడ్డ నిబంధనకు విచారణ కావాలి. విచారణకు ఈ సమావేశాల్లో తీరిక లేదు. కాబట్టి పద్నాలుగో నిబంధన తీసేసి మిగతా చట్టానికి ఓటేశారు. పదకొండు సెకన్లు పట్టింది. ఒక సభ్యుడు ఆవలించాడు. ఒడెట్ కొట్టుకు తాళం పడదు. ఈ సంగతి అక్కడున్న ఆరొందల మందిలో ఎవరికీ తెలియదు.

సాయంత్రం కామేశు ఎదురుపడి తల తిప్పుకున్నాడు.

మార్చి 27, శుక్రవారం
కలిసినవారు: తల్‌మేరా మనిషి ఒకరు, ఇంటికి వచ్చారు. తీసుకున్నవి: రసీదు.

చాలా మర్యాదస్తుడు. బూట్లు బయటే విడిచాడు. కౌంటరు నుంచి వచ్చిన రాత్రే విప్పేసిన బెల్టును బావ తనే మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఒడెట్ తుడిచి, కొత్త ట్యూబులు వేసి, మూడు పేర్ల విడిభాగాలు బిగించి ఇచ్చిన పాత బెల్టు ఆ రాత్రే నేను కట్టాను. మళ్ళీ ఇల్లంతా చప్పుడు. పాతది నెమ్మది. రోజుకు నాలుగు గంటలు గోడ ప్లగ్గుకు తగిలించుకుని కదలకుండా కూర్చోవాలి. ఈ పది రోజుల్లో ఆయనకు కాళ్ళ నీరు మొదలైంది, అన్నం సహించడం లేదు. డాక్టరు చూస్తూ ఉందామన్నాడు.

నాకు గర్వంగా లేదు. భయంగా ఉంది, కోపంగా ఉంది. మంచి పని చేశాం కదా అని తవిటమ్మ పిన్ని ఓదార్చబోతే ఆవిడ మీదే విసుక్కున్నాను. తర్వాత వెళ్ళి క్షమించమన్నాను. పిన్ని ఏమీ అనుకోలేదు, బెల్లం కాఫీ ఇచ్చింది.

ఏప్రిల్ 14, మంగళవారం
కలిసినవారు: బొజెనా, కటొవీట్సె పట్నం, పోలండ్. ఫోనులో. తీసుకున్నవి: ఏమీ లేవు.

ఆ నిబంధన మళ్ళీ వచ్చింది. ఈసారి తొమ్మిదో నిబంధన, వేరే చట్టంలో. మాటలు అవే. నలభై ఒక్క పట్నాల్లో నలభై ఒక్కమంది అన్నారు, నలభై ఒక్క పసుపు చీటీలు. ఒకటి నీలమైతే నలభై మిగులుతాయి. ఈ జాబితాలో మా వాళ్ళెవరూ లేరు కాబట్టి నేను తప్పుకోవడానికి లేదు. ఫైలు నా బల్ల మీద పెట్టి మార్లీన్ క్యాలెండరులో గడి కొట్టేసుకుంది.

ఇంటికి వెళ్ళిపోదామనిపించింది. బావ ఆ వేళకు గోడ పక్కన కూర్చుని ఉంటాడు. వెళ్ళి ఆ పక్కనే నేనూ కూర్చుందామనిపించింది. మొదటి నంబరుకు ఫోను చేశాను.

పోలిష్ మాట యంత్రానికి బాగానే అందుతుంది. బొజెనాకు యాభై నాలుగేళ్ళు, బడిలో వంట చేస్తుంది, ఆవిడకూ కిడ్నీ బెల్టు ఉంది. మొదటి ప్రశ్నకు నాదే అంది. రెండో ప్రశ్నకు ఒక అబ్బాయి వచ్చి అడిగాడు, చాలా మంచివాడు అంది. మూడో ప్రశ్న అడిగాను. వెనకాల ఏదో గిన్నె మూత కొట్టుకుంటోంది. నేను ఆగాను.

"మీరు అడిగినవాళ్ళలో ఎవరైనా తీసుకున్నామని చెప్పారా?" అంది చివరికి.

"ఒకాయన చెప్పాడండి."

"ఆయన బెల్టు ఏం చేశారు?"

అబద్ధం చెప్పవచ్చు. నియమాల ప్రకారం జవాబే చెప్పకపోవచ్చు.

"తీసుకెళ్ళిపోయారు," అన్నాను.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. కష్టంగా ఉంది."

యంత్రం ఆ రెండు మాటలూ పోలిష్‌లోకి మార్చి చెప్పింది. ఇంక ఫోను పెట్టేస్తుందనుకున్నాను. అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు, ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించాయి.